ఎడమ మణికట్టు

డిటెక్టివ్ ఏకాంబరానికి భయం ఎక్కువ. ఆ సంగతి అతను ఎవరి దగ్గరా దాచుకోడు. తిరువళ్ళూరు బజారులో సైకిల్ షాపు మీది గదిలో కూర్చుని ఇన్నేళ్ళుగా పెళ్ళికొడుకుల గుట్టుమట్లూ, పారిపోయిన అల్లుళ్ళ జాడలూ, తప్పిపోయిన ఎద్దుల ఆచూకీలూ తీస్తున్నాడంటే అదంతా భయం పుణ్యమే. ధైర్యవంతుడు తలుపు ఒకసారి చూసి లోపలికి పోతాడు. ఏకాంబరం పదిసార్లు చూస్తాడు. ఆ పదోసారికి ఏదో ఒకటి కంటబడుతుంది.

కానీ నిన్న రాత్రి భోజనాల వేళ నుంచి పట్టుకున్న భయం వేరు. అది కడుపులో చేరి కూర్చుంది. కాఫీ తాగినా, మజ్జిగ తాగినా కదలడం లేదు.

నిన్న ఆ వేళకు ఒక పడుచు, ఆమె వెనకాలే తలమీదుగా తుండుగుడ్డ కప్పుకున్న ఒక యువకుడు మెట్లెక్కి వచ్చారు. యువకుడు తుండుగుడ్డ తీయగానే ఏకాంబరం కుర్చీలోంచి లేచాడు. పేపర్లో చూసిన ముఖం. ఆర్.కె.పేట నేతగాళ్ళ బిడ్డ జయరామ్. ఈ నెలలోనే ఢిల్లీలో జరగబోయే ఏషియన్ గేమ్స్‌లో బాడ్మింటన్ పురుషుల సింగిల్స్ ఆడబోతున్నవాడు. ఆ పడుచు అతని భార్య ఇంద్రాణి.

"అన్నా, మా ఆయన్ను ఎవురో చంపను చూస్తా ఉండారు," అంది ఇంద్రాణి కూర్చోకుండానే. "ఆరుముగాన్ని కొట్టి పడేసినారు. వానికి శత్రువులు ఎవురన్నా? కొట్టినోడు మా ఆయన కోసమే వచ్చినాడు."

ఆరుముగం జయరామ్ స్నేహితుడు. రోజూ ఎదురుగా నిలబడి అతనితో ఆడేవాడు. తిరుత్తణిలో ఇద్దరూ ఆడుకునే కల్యాణ మండపంలో దీపాలు పెట్టే వేళకు రక్తం మడుగులో దొరికాడు. పొద్దున తిరుత్తణి కొండెక్కి దిగాక, ఆ వేళకు జయరామ్ కూడా అక్కడే ఉండాల్సింది. ఇంద్రాణికి వాంతులైతే లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఆలస్యం చేశాడు, బతికిపోయాడు. మండపం ముందు చేరిన జనంలో ఎవరో "ఇద్దరూ ఆటలో కొట్లాడుకోనుంటారు" అన్నారట. ఆ మాట చెవినబడగానే ఇంద్రాణి మొగుణ్ణి చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది.

"పొద్దున కొండ మీద ఏమి పని మీకు?" అని అడిగాడు ఏకాంబరం.

"మొక్కు. ఢిల్లీకి పోయే ముందర మా ఆయన గుండు కొట్టించుకోవల్ల. మంగలి ముందర కూర్చోబోతా ఉంటే మా అత్త చెయ్యి పట్టి లేపేసింది." ఇంద్రాణి తల దించుకుంది. "నేను నీళ్ళోసుకోనుండానన్నా. కడుపుతో ఉండేదాని మొగుడు తల గొరిగించుకోకూడదు గదా. మొక్కు నిలిపితే సామికి కోపమొస్తాదని ఆయనకు బదులు ఆరుముగం కూర్చున్నాడు. ఈ సంగతి మీకు తప్ప బయట ఎవురికీ చెప్పలేదు. మూడో నెల నిండేదాకా చెప్పొద్దనింది అత్త."

"మొక్కు సంగతి ఎవరికి తెలుసు?"

"చెప్పుకుంటే మొక్కు ఫలించదు సార్," అన్నాడు జయరామ్. "మా కోచ్ సార్‌కు మాత్రం చెప్పినా. ఒక రోజు లీవు కావల్ల గదా."

తెల్లవారకముందే ఏకాంబరం ఆ ఇద్దరినీ వెంగల్లో తన అక్క కుప్పమ్మ ఇంట్లో చేర్చాడు. రేపు రాత్రి మద్రాసు సెంట్రల్లో జయరామ్ ఢిల్లీ రైలెక్కాలి. అప్పటిదాకా అతని ప్రాణం ఏకాంబరం చేతిలో ఉంది. ఎద్దుల్ని వెతికే చేతుల్లో ఒక మనిషి ప్రాణం పెట్టినందుకు ఆ తిరుత్తణి సామి మీద ఏకాంబరానికి కోపంగా కూడా ఉంది.

పొద్దున అతను ముందు తిరువళ్ళూరు ఆసుపత్రికి వెళ్ళాడు. ఆరుముగానికి స్పృహ లేదు. గుండు మీద పూసిన చందనం పైనే కట్టు కట్టారు. ఎడమ మణికట్టు నుజ్జు నుజ్జు అయిందనీ, ఒక్క దెబ్బ కాదనీ, పడిపోయాక కూడా కొట్టారనీ డాక్టరు చెప్పాడు. ఏకాంబరం భయపడుతూనే ఆరుముగం కుడి అరచెయ్యి తిప్పి చూశాడు. బొటనవేలి మొదట్లో కాయ కాసి ఉంది. రాకెట్టు పట్టిన చెయ్యి కుడిది. ఆ చేతికి గీత కూడా పడలేదు.

కుడిచేతితో ఆడేవాడి ఎడమచెయ్యి ఎందుకు విరగ్గొట్టాలి? జవాబు వెంగల్లో కూర్చుని ఎడమచేత్తో మీసం దువ్వుకుంటోంది. జయరామ్‌ది ఎడమచేతి వాటం. ఇంద్రాణి మాట నిజం. కొట్టినవాడు జయరామ్ అనుకునే కొట్టాడు. ఏకాంబరం చెవులు చల్లబడ్డాయి.

వరండాలో తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకున్న పెద్దమనిషి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కోచ్ దామోదరం.

ఏకాంబరం పక్కన కూర్చున్నాడు. "నిన్న సాయంత్రం మీరు యాడుండారు సార్?"

"మద్రాసులో. బ్లేజరు, టికెట్లు తీసుకోను పోయినా. రాత్రి కబురు తెలిసింది. తెల్లవారంగానే కారు తీసుకోని వచ్చేసినా."

"జయరామ్ ఆడలేకపోతే ఢిల్లీకి ఎవురు పోతారు?"

దామోదరం అతని వైపు తిరిగి చూశాడు. కోపం రాలేదు. "నా కొడుకు నటరాజ్. మీరు అడక్కముందే చెప్దామనుకున్నా. రాసుకోండి సార్, నా మీద అనుమానం పెట్టుకోండి. కానీ ఒక మాట. మగ్గం గుంటలో కూర్చోనుండే పిలగాణ్ణి లాక్కొచ్చి చేతికి రాకెట్టు ఇచ్చింది నేను. ఎడమచెయ్యి అశుభమని వాళ్ళమ్మ వాతలు పెడితే, ఆ చేతికే మందు రాసి, ఇదేరా నీ ఆస్తి అని చెప్పింది నేను. నా కొడుక్కు నేర్పనిది వానికి నేర్పినా."

దామోదరం తుండుగుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పెద్దమనిషి ఏడుపు చూడటం ఏకాంబరానికి చేతకాదు.

"కొట్టినోడు ఎవుడో గాని పొరబడినాడు సార్," అన్నాడు దామోదరం కళ్ళు తుడుచుకుని. "రెండు గుండ్లు, ఇద్దరూ ఒకే ఎత్తు. ఆ చీకట్లో ఎవుడు ఎవుడో యెట్ల తెలుస్తాది?"

ఏకాంబరం తల ఊపాడు. ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. అతని మనసంతా వెంగల్లో ఉంది. అక్క ఇంట్లో మగదిక్కు లేదు. బావ ఆరణి సంతకు పోయాడు.

"నా బిడ్డ జయరాము యాడుండాడు సార్?" అని దామోదరం అతని చెయ్యి పట్టుకున్నాడు. "నా కారులో మద్రాసు తీసకపోతా. ఆటగాళ్ళ క్యాంపులో వందమంది మధ్యలో ఉంటాడు. ఎవుడొస్తాడో నేనూ చూస్తా."

వందమంది మధ్యలో. ఎంత చల్లటి మాట! కారు, క్యాంపు, కోచ్. ఇక ఏకాంబరం రాత్రంతా తలుపు గడియ చూసుకుంటూ కూర్చోనక్కర్లేదు. పిరికివాడికి బరువు దించుకోవడమంత సుఖం ఇంకొకటి ఉండదు. "వెంగల్లో మా అక్క కుప్పమ్మ ఇల్లు. రైస్ మిల్లు పక్కనే," అని చెప్పేశాడు. చెప్పాక నిన్నటి నుంచి మొదటిసారి ఆకలేసింది. ఇడ్లీ తిని తిరుత్తణి బస్సెక్కాడు.

మండపంలో ఆ రోజు ముహూర్తం లేదు. ఊడ్చే తాయమ్మ తలుపు తీసింది. నిన్న ఆరుముగాన్ని మొదట చూసింది ఆమే.

"కరెంటు పోయిందా నిన్న?"

"ఊరంతా లైట్లుండాయి సామీ. మండపం ఒకటే చీకటి. నేను లాంతరు తీసుకోని వచ్చినా."

మెయిన్ స్విచ్ పెళ్ళికూతురి గది పక్కన, తలుపు చాటున ఉంది. ఫ్యూజు పీకి పైన గూట్లో పెట్టి ఉంది. కొత్తవాడికి ఆ స్విచ్ దొరకాలంటే పగలు కూడా కష్టమే. ఏకాంబరం ఫ్యూజును కర్చీఫుతో పట్టుకుని, కాస్సేపు చూసి, ఉన్నచోటే పెట్టేశాడు.

హాలు మధ్యలో నెట్టు బిగించి ఉంది. దాని కింద నేల కడిగినా మరక పోలేదు. ఏకాంబరం మరకను తొక్కకుండా చుట్టూ తిరిగాడు. ఒక కొసన నెట్టు కట్టిన ఇనప కడ్డీ కింది భాగాన దుమ్ము లేదు. దాన్ని ఎవరో ఈమధ్యే తుడిచారు.

"నువ్వు వచ్చేటప్పటికి నెట్టు ఇట్లే ఉందా తాయమ్మా?"

"ఇట్లే ఉంది." తాయమ్మ ఆగింది. "అయితే సామీ... నేను దీపం నూనెకు పోయేటప్పుడు ఆ పిలగాడు నెట్టు విప్పేసి చుట్టి పెండ్లి అరుగు మీద పెట్టేసి ఉండె. కడ్డీలు పీకి గోడకు ఆనించినాడు. ‘జయరాము రాలేదు, నువ్వు ఊడ్చుకో అక్కా’ అనె. మళ్ళీ ఎప్పుడు కట్టినాడో."

ఏకాంబరం కడ్డీ దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. ఆరుముగం కట్టలేదు. గోడకు ఆనించిన కడ్డీతో మనిషిని కొట్టి, దాన్ని తుడిచి, మళ్ళీ నిలబెట్టి, నెట్టు కట్టి పోయాడు ఒకడు. పక్కన మనిషి మూలుగుతుండగా, చీకట్లో, తాపీగా. ఇద్దరూ ఆడుతూ ఆడుతూ కొట్టుకున్నారని ఊరు అనుకోవాలి, అంతే.

వరండాలో కొండ దిగివచ్చిన మొక్కుబడి మనిషి ఒకడు నిద్రపోతున్నాడు. గుండు నిండా చందనం. ఏకాంబరం అతన్ని లేపి, బతిమాలి, హాల్లో మరక పక్కన నిలబెట్టి, తాయమ్మతో తలుపులూ కిటికీలూ మూయించాడు. తాను గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

మనిషి మాయమయ్యాడు. ముఖం లేదు, చొక్కా లేదు, చేతులు లేవు. చందనం పూసిన తల ఒక్కటే పాలచట్టిలా చీకట్లో నిలిచింది. ఏకాంబరం గుండె ఆగినంత పనైంది.

"తలుపు తియ్యి తాయమ్మా, తలుపు తియ్యి!"

వెలుతురు వచ్చింది. మొక్కుబడి మనిషి "ఎన్న సామీ ఇదు?" అని, ఇదేమిటన్నట్టు అరవంలో విసుక్కుని మళ్ళీ పడుకోవడానికి పోయాడు. ఏకాంబరం పెళ్ళి అరుగు అంచున కూర్చుని చెమట తుడుచుకున్నాడు. కొట్టినవాడు ముఖం చూడలేదు. గుండు చూసి కొట్టాడు. అంటే జయరామ్ గుండుతో ఉంటాడని వాడికి గట్టి నమ్మకం. కొండ మీద ఉన్నవాళ్ళకు ఆ నమ్మకం ఉండదు, వాళ్ళు అతని తలమీద జుట్టు చూశారు. మొక్కు తెలిసి, కొండకు రానివాడు...

"వాట్ మిస్టర్ ఏకాంబరం! ఎద్దు దొరికిందా?"

గుమ్మంలో నల్ల కళ్ళద్దాలు, సఫారీ సూటు, నడుముకు తోలు సంచీలో పిస్తోలు. మద్రాసు డిటెక్టివ్ వేలాయుధం. ఒకప్పుడు మిలిటరీలో పనిచేశానని కనబడ్డవాళ్ళందరికీ చెబుతాడు. రెండేళ్ళ కింద ఒక నగల కేసులో ఏకాంబరం కనిపెట్టింది తన పేరు మీద పేపర్లో వేయించుకున్నవాడు.

"మీకేమి పని ఈడ?"

"జయరామ్‌ను వెతకడం. ఈ పొద్దే కేసు నా చేతికొచ్చింది. ఆ పిలగాణ్ణి మీరు దాచిపెట్టినారని బజారంతా చెప్తా ఉండారు. మర్యాదగా చెప్పేయండి. వాడే కొట్టినాడు. నెట్టు కట్టి ఉంది, ఆట జరగతా ఉంది, పాయింటు దగ్గర మాటా మాటా పెరిగింది. చిన్నపిల్లకాయకు కూడా తెలిసిపోతాది."

"నెట్టు ఆరుముగం విప్పేసి చుట్టి పెట్టినాడు. ఈ తాయమ్మ చూసింది. కొట్టినాక కట్టినారు దాన్ని."

"కొట్టినాక నెట్టు కట్టేదానికి వానికి పిచ్చా?"

"మీలాంటివాళ్ళు వచ్చి ఇప్పుడు చెప్పినట్టే చెప్పల్లని."

వేలాయుధం ముఖం ఎర్రబడింది. ఒక అడుగు ముందుకు వేశాడు. ఏకాంబరం రెండు అడుగులు వెనక్కి వేశాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. "అయినా కట్టినోనికి పని తెలీదు. చూడండి, నడిమధ్యలో వదులుగా జారిపోయుండాది."

వేలాయుధం నెట్టు వైపు చూశాడు. కళ్ళద్దాలు తీశాడు. దగ్గరికి పోయి కొసన ఒకసారి, మధ్యలో ఒకసారి చెయ్యి ఆనించి చూశాడు. అతని గొంతులో ఎగతాళి పోయింది.

"జారలేదయ్యా. రెజిమెంటులో చాంపియన్ని నేను. రూలు ప్రకారం మధ్యలో ఐదడుగులు, కొసల్లో ఒక అంగుళం ఎక్కువ. మామూలుగా ఆడేవాళ్ళు ఎవురూ పట్టించుకోరు, తీగ కట్టినట్టు నేరుగా కట్టేస్తారు. ఇది... రోజూ కట్టి కట్టి అలవాటైన చెయ్యి."

"చీకట్లో కట్టినాడు సార్."

"చీకట్లోనా?" వేలాయుధం చెయ్యి నెట్టు మీంచి తీసేశాడు. కానీ ఓడిపోవడం వేలాయుధం జాతకంలో లేదు. "ఏమైనా కానీ. సాయంత్రానికి ఆ పిలగాడు నా చేతిలో ఉంటాడు. బస్టాండులో, స్టేషన్లో మనుషుల్ని పెట్టినా. ఇరవై రెండేళ్ళు, ఎడమచేతి వాటం, కొత్తగా కొట్టించుకున్న గుండు."

ఏకాంబరానికి అంత భయంలోనూ నవ్వొచ్చింది. "తిరుత్తణిలో గుండును వెతుకుతారా? ఊరుకోండి సార్, సాయంత్రానికి వెయ్యి మందిని పట్టి..."

నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

"జయరామ్‌కు గుండని మీకెవురు చెప్పినారు?"

"నా క్లయింటు."

"ఎవురు మీ క్లయింటు?"

"అది చెప్పకూడదు. వృత్తి ధర్మం."

రెండు గుండ్లు, ఇద్దరూ ఒకే ఎత్తు. ఆసుపత్రి వరండాలో ఆ చెవిన వదిలేసిన మాట ఇప్పుడు ఈ చెవిలో మోగింది. రెండు గుండ్లు! కొండ దిగిన ఆ ఇద్దరిలో గుండు ఒక్కడికే. రెండోది మొక్కు సంగతి తెలిసి కొండకు రానివాడి తలలో ఉంది. ఎడమచెయ్యి విలువ తెలిసినవాడు. ఫ్యూజు చోటు తెలిసినవాడు. చీకట్లో కూడా నెట్టును రూలు తప్పకుండా కట్టే చెయ్యి ఉన్నవాడు.

"కోచ్ దామోదరమా?" అని అడిగాడు.

వేలాయుధం అవుననలేదు, కాదనలేదు. కళ్ళద్దాలు జేబులో పెట్టుకున్నాడు. ఆ జవాబు చాలు.

"పొద్దున కేసు చెప్పినాక ఆయన మళ్ళీ ఫోనుకు దొరకలేదు," అన్నాడు మెల్లగా. "పిలగాణ్ణి యాడ పెట్టినావయ్యా?"

"నేనే చెప్పేసినా సార్." ఏకాంబరం ఫోను కోసం చుట్టూ చూశాడు. "నా భయం దించుకోను, నా నోటితో నేనే చెప్పేసినా."

మండపం ఆఫీసు గదిలో ఫోను ఉంది. వెంగల్ రైస్ మిల్లుకు అప్పటికప్పుడు కలిపే లైట్నింగ్ కాల్ కావాలని ఏకాంబరం బతిమాలుతుంటే ఎక్స్‌ఛేంజిలో ఎవరూ వినిపించుకోలేదు. వేలాయుధం ఫోను లాక్కుని మిలిటరీ గొంతుతో అరిచాడు. లైను కలిసింది. మిల్లు గుమాస్తా కుప్పమ్మను పిలవడానికి పోయాడు. అవతల మిల్లు చప్పుడు వినబడుతూనే ఉంది. ఏకాంబరం తనకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

"ఏమిరా, అంత అర్జెంటు?" కుప్పమ్మ గొంతు నిదానంగా వచ్చింది.

"అక్కా, కారులో ఒక సారు వచ్చినాడా?"

"వచ్చినాడు. మంచి మనిషి. అన్నం తినిపోమంటే కాదనలేక కూర్చున్నాడు. ముందర మాత్రం జయరామును చూసి గడప కాడనే నిలబడిపోయినాడు రా. ‘గుండు కొట్టించుకోలేదా?’ అన్నాడు. ఆ పిల్ల సిగ్గుపడతా చెప్పేసింది, ‘నాకు రెండో నెల సార్’ అని. పాపం, ముఖంలో రక్తం లేకుండా పోయింది ఆయనకు. చెంబెడు నీళ్ళు గటగటా తాగేసినాడు. ‘ఈ సంగతి ఏకాంబరానికి తెలుసునా?’ అని అడిగినాడు. మొదట ఆయనకే చెప్పినామనింది ఇంద్రాణి."

"వాళ్ళు యాడుండారు అక్కా? ఫోనుకు పిలువు, జయరామును పిలువు!"

"ఇప్పుడే పోయినారు. ఎంగిలాకులు ఇంకా తియ్యలేదు నేను. జయరామును ఒక్కణ్ణే తీసకపోతానని వచ్చినోడు, ఇంద్రాణిని కూడా కారెక్కమన్నాడు. కడుపుతో ఉండే పిల్లను వదలకూడదు, మద్రాసులో పెద్ద డాక్టరుకు చూపిస్తానన్నాడు. సొంత తండ్రి కూడా అంత చూసుకోడు రా."

ఏకాంబరం గోడ పట్టుకున్నాడు. వేలాయుధం ఫోనుకు చెవి ఆనించి వింటున్నాడు.

"ఏ దోవన పోయినారు?"

"అదే నాకూ అర్థం కాలేదు. రోడ్డు మీద పోతే ఆలస్యమని ఏటి కట్ట మీదికి తిప్పినాడు కారును. ఆ కట్ట వానలకు తెగిపోయి వారమాయె, ఏరు నిండుగా పోతా ఉంది, ఆ పక్క దోవే లేదు సామీ అని నేను చెప్పితిని రా. తెలుసమ్మా అన్నాడు."

"అక్కా! మిల్లులో ఉండేవాళ్ళందర్నీ..." అని ఏకాంబరం గొంతు చించుకుని అరిచాడు. అప్పటికే లైను తెగిపోయింది.